బెత్తెడు తీగ

నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్ర సిరాతో:
తీగ బిగించకుండా కరెంటు ఇవ్వొద్దు.
పోయేదానికి దారి లేని మాట
వెనక్కి తిరిగొచ్చి
చెప్పిన గొంతునే కాలుస్తుంది.
ట్రంకు రోడ్డు కొట్లో తొమ్మిది వందలు పోసి కొన్న బోర్డు
అట్టా పోయాకే రాసుకున్నాలే.

సెకనుకి ఎనభై ఆరున్నర కోట్ల ఊపులు.
సెకనుకి ముప్పై కోట్ల మీటర్ల పరుగు.
కోట్లకి కోట్లు కొట్టేస్తే మిగిలే ఒక్క అల
ముప్పై నాలుగున్నర సెంటీమీటర్లు, చిల్లర.
తీగకి అందులో పావు చాలు.

మైపాడు కాడ, రొయ్యల గుంట గట్టు మీద
స్కేలు మర్చిపొయ్యి నిలబడితే
కాపలా చెంగయ్య నాలుగు వేళ్ళు దగ్గరికి చేర్చి
రాగితీగ మీద ఆనించాడు.
"బెత్తెడు చాలదంటనా మే?"
ఉప్పునీళ్ళకి ఉబ్బిన వేళ్ళు.
ఇంటికొచ్చి కొలిస్తే ఎనిమిది పాయింటు ఆరు.
నా బెత్తెడైతే ఏడే.

తీగ అడుగున రేకు పరచాలి.
బిస్కెట్ల డబ్బా మూత సరిపోయింది.
అది అద్దం.
తీగకి లేని రెండో సగం అందులో కనపడుతుంది,
చూసేవాళ్ళకి కాదు, అలకి.

గుంట కాడ ఒక పెట్టె, మా మిద్దె మీద ఒకటి.
నడుమ రెండు కిలోమీటర్లు,
బకింగ్‌హాం కాలవ, సవక తోపు.
కంటికి ఆనితే చాలదు.
ఈ కొసకీ ఆ కొసకీ మధ్య
దోసకాయ ఆకారంలో గాలి ఖాళీగా ఉండాలి,
నడుం కాడ లావుగా.
ఆ నడుముకి ఒక్క సవక కొమ్మ అడ్డం వచ్చిందా,
మైనస్ తొంభై ఏడు కాస్తా మైనస్ నూట పన్నెండు.
మూడు తగ్గితే బలం సగం.
పదిహేనంటే సగంలో సగంలో సగం,
ఇంకో రెండుసార్లు సగం.
వానకి తడిసిన తోపు మిగిలింది కూడా తాగేస్తుంది.

(చవుడు గాలికి రాగి పచ్చబడతా ఉంది.
మా చెల్లెలి గోళ్ళరంగు పూశా, మెరూను.
అడిగితే అయిపోయిందని చెప్పా.)

పది నిమిషాలకొకసారి
నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో పెట్టె చెప్తుంది.
అయిదు. నాలుగు పాయింటు ఎనిమిది. నాలుగున్నర.
చెంగయ్యకి అంకెలు పట్టవు.
రొయ్యలు గట్టు వారకి చేరితే
ఏరియేటర్ వేసేస్తాడు, నా పెట్టె కంటే ముందు.
"అదొక్కటే మాట్లాడాల్నా? నేనొక మాట పంపకూడదా?"
అన్నాడొకరోజు.

బొత్తాం ఒకటి టంకం పెట్టిచ్చా.
ఆయన నొక్కితే
మా ఇంట్లో పచ్చ దీపం ఒకసారి వెలిగి ఆరుతుంది.
దానికి అర్థం ఏందో ఇద్దరం అనుకోలా.
రోజూ రాత్రి రెండు దాటాక వెలుగుతుంది.
నేను అటు తిరిగి పడుకుంటా.

మొన్న అమాస రాత్రి
నాలుగుసార్లు వెలిగింది, గబగబా.
కరెంటు పోయిందో, మోటారు కాలిందో,
రొయ్యంతా తేలిందో, లేకపోతే
మనిషే.
స్కూటీ లైటు వెయ్యను కూడా గుర్తు రాలా,
కాలవ గట్టెమ్మడి పొయ్యి నిలబడితే
బీడీ కాలుస్తా కూర్చోనున్నాడు.
"ఒక్కసారే నొక్కాను కదమే!"

తప్పు నాది. నోటుబుక్కులో ఉంది కూడా:
బొత్తాం లోపలి రేకు తగలంగానే నిలవదు,
తగిలి, ఎగిరి, మళ్ళీ తగులుతుంది.
బోర్డుకి ప్రతి తాకిడీ కొత్త మాటే.
మొదటిది విన్నాక ఇరవై మిల్లీసెకన్లు
చెవులు మూసుకొమ్మని చెప్పాలి దానికి.

ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాడు.
ఆ చేతిలోంచి ఈ చేతికి వచ్చేలోపల
సగం గట్టు తాగింది.
ఆయన చూడనట్టు నీళ్ళకేసి చూశాడు,
నేనూ చూశా.

ఇంటికొచ్చి
ఇరవై అని కొట్టి, చెరిపి,
మూడు వందలు పెట్టా.

రేకుదే తప్పని చెప్పా ఆయనకి.