కొలతల పుస్తకంలో ఒక పేజీ

జుమేరాత్ బజార్లో
తుప్పు పట్టిన ఫ్యాను రెక్కలకీ
మూత లేని కుక్కరుకీ నడుమ
ఓరగా చూస్తూ నిలబడి ఉంది.
జానెడు మీద నాలుగు వేళ్ళ ఎత్తు.
"నిజాం జమానా మాల్ ఆపా, బర్మా టేకు" అన్నాడు.
వాడి దగ్గర అన్నీ నిజాం కాలంవే,
పక్కనున్న ప్లాస్టిక్ టెలిఫోనుతో సహా.
ఆరొందలు చెప్పి మూడొందల యాభైకి దిగాడు,
కొసరుగా మిషను బాబిన్లు నాలుగు.

చిక్కడపల్లి కొట్లో కిటికీ దగ్గర పెట్టగానే
జాకెట్లకి వచ్చినవాళ్ళందరి దగ్గరా ఒక్కో పేరుంది.
లక్ష్మి, అంది బ్యాంకు కుముదిని. బొట్టు కూడా పెట్టేసింది.
మోహిని, అన్నాడు ఆమె మొగుడు, స్కూటరు దిగకుండానే.
డాన్సు నేర్చుకునే పిల్ల వంగి అరమండి వెతికింది,
"మోకాళ్ళు ఓకే ఆంటీ, మెడ మాత్రం మన మెడ కాదు."

నాకు పేరు తెలీదు, బట్ట తెలుసు.
ముప్పై ఆరేళ్ళుగా ఆడవాళ్ళ కొలతలు తీస్తున్నదాన్ని.
కళ్ళజోడు పెట్టుకుని చూశాను.
చీర కాదు, కుచ్చిళ్ళు లేవు.
రవిక అసలే కాదు, చంక కింద కుట్టు లేదు.
తుంటి దగ్గర మొదలై రొమ్ముల దాకా
ఒకటే పట్టీ, చుట్టు మీద చుట్టు,
బాలింతకి నడికట్టు బిగించినట్టు.
ఊపిరి ఎక్కడ తీసుకునేదో తల్లి!
కిరీటం నిండా అయిదు రేకుల దేవగన్నేర్లు.
ఎడమ చేతి వేళ్ళు వెనక్కి వంగాయి.
కుడి చేతికి వేళ్ళే లేవు,
విరిగిన చోట చెక్క ఇంకా లేత రంగులో ఉంది.

తలుపులు చేసే సోమాచారి వచ్చి
చేత్తో తూచాడు, గోటితో గీశాడు, వాసన చూశాడు.
"టేకు కాదు. పొణికి అంతకన్నా కాదు.
ఈ చెట్టుకీ నాకూ పరిచయం లేదమ్మా."
అడుగున మూడు ఇంగ్లీషు అక్షరాలు.
కాజాలు కుట్టే కుర్రాడు చదివి పడీపడీ నవ్వాడు,
"అక్కా, నీ బొమ్మ మాస్ అంట!"

రెండు రోజులు నిద్ర పట్టలేదు.
కటి గుడ్డ మీద చెక్కిన ఆ తీగ
ఎక్కడో చూశాను, ఎక్కడో చూశాను.
మూడో రోజు పప్పు తాలింపు వేస్తుంటే తట్టింది:
బార్కాస్ లుంగీలు.

సంచిలో తువ్వాలు చుట్టి బస్సెక్కాను.
జామకాయల బండ్లు దాటాక సాలెం బావజీర్ కొట్టు.
ఎమెన్ నుంచి ఒక అన్న ఓడెక్కి ఇటొచ్చాడట,
తమ్ముడు ఇంకో ఓడెక్కి సురబయా పోయాడట.
అన్న మనవడు ఈయన. తమ్ముడి ఊరి నుంచి లుంగీలు.
తిరగేసి చదివాడు. నవ్వలేదు.
"మాస్ అంటే అక్కడ బంగారం.
బాలీలో ఒక ఊరు కూడా. ఊరంతా ఉలిపని.
దేవత కాదమ్మా, ఆడే పిల్ల. ఆ చేతిలో విసనకర్ర ఉండాలి.
మెడ కదలదు, కళ్ళే కొడతాయి, ఇట్లా."
శుక్లాలు తీయించిన ఎనభై ఆరేళ్ళ కళ్ళు
టక్కున కుడికి తిరిగి వచ్చాయి.
లుంగీలు మడతపెట్టే కుర్రాళ్ళు చేతులాపేశారు.
ఎప్పటిది, అని అడిగాను.
"టూరిస్టులు ఓడల్లో దిగిన కాలం.
నాకు అక్కో చెల్లెలో, చెప్పలేను."
అమ్ముతావా అని అడిగాడు. అడిగి, తనే వద్దన్నాడు.

బొట్టు తుడవలేదు. ఆడే పిల్లకి బొట్టేం బరువు?
వేళ్ళు చేసిపెడతానని సోమాచారి కబురు,
ఏమీ చెప్పలేదింకా.

రాత్రి షట్టరు సగం దించి టేపు తీశాను.
ఛాతీ నాలుగున్నర. నడుము మూడుంపావు.
ఊరు, మాస్.
పేరు గడి ఖాళీ. చెక్కినవాడి పేరుకి
నా పుస్తకంలో గడే లేదు.
ఇవ్వాల్సిన తేదీ దగ్గర పెన్ను ఆగింది.
ఆమె నా భుజం పక్కనుంచి
దేన్నో చూస్తోంది, తిరిగి చూశాను,
హ్యాంగరుకి కుముదిని జాకెట్టు.
రేపు పొద్దున్నే ఇవ్వాలి.
హుక్కులు కూడా వేయలేదు.