బురుజుపల్లె స్టేజీ

పదకొండేండ్లుగా అరస్తా ఉండా,
"బురుజుపల్లె, బురుజుపల్లె దిగేవాళ్ళు రండి" అని.
ఒక్కనాడూ నేను దిగలేదు.
పలమనేరు నుంచి ముప్పై రెండు రూపాయల దూరం.
నా నోట్లో అది ఊరు కాదు, స్టేజీ.

వారం సెలవు రోజు చీర కట్టుకోని,
భుజాన సంచి లేకుండా, చేతిలో మిషను లేకుండా
నా బస్సులోనే టికెట్టు కొనుక్కోని దిగినా.
"పాసుంది కదక్కా?" అనింది డ్యూటీలో ఉన్న శైలజ.
"ఉంది. ఈ పొద్దుకి వద్దులే."

బస్సు పోయినాక గాని తెలీలేదు
ఇంత నిశ్శబ్దం ఇక్కడే పడుంటాదని.

మెట్లు కట్టినవి కావు, కొండను తొలిచినవి.
నడిమధ్యన అరిగి
నీళ్ళకు చాపిన దోసిళ్ళ మాదిరి ఉండాయి.
ఎన్ని మెట్లబ్బయ్యా అంటే
మేకలు తోలుకొచ్చే పిల్లోడు చెప్పినాడు:
"ఎక్కేటప్పుడు నాన్నూరు, దిగేటప్పుడు మున్నూరు."

కోట వాకిలికి తలుపుల్లేవు.
తలుపు తిరిగిన గుంత మాత్రం రాతిలో ఉండాది,
ఎవరో దానికి కుంకుమ పెట్టినారు.
లోపల పదహైదిండ్లు.
ఒక పక్క మూడడుగుల మందం దొరల గోడ,
మూడు పక్కలా కాలనీ ఇటుక.
ఫిరంగి దిబ్బ మీద చెనిక్కాయలు ఎండబోసినారు.
పక్కనే డిష్ గొడుగు
ఆకాశానికి గురిపెట్టుకోనుంది.

గాదెలో వాన పడతా ఉంది.
బయట మబ్బు తునక లేదు.
తలొంచి లోపలికి పోతే
తట్టల నిండా పట్టుపురుగులు
మల్బరీ ఆకు నమలతా ఉండాయి.
ముట్టడికని దాచిన గింజలు ఎవరు తిన్నారో ఏమో,
ఇప్పుడు తినేవాళ్ళ చప్పుడు ఇది.

"ఎవురు మే అది? చెప్పులిడిసి రా,
పురుగులకు జబ్బు తగలతాది!"

ఆ గొంతు నాకు తెలుసు.
చింతపండు గంప గొంతు.
శుక్రవారం శుక్రవారం
లగేజీ టికెట్టు కాడ నాతో కొట్లాడే గొంతు.
పేరు ఎప్పుడూ అడగలా, ఇరవై రూపాయల గంప అని గుర్తు.
దొరసానమ్మంట.
నన్ను కింద నుంచి పైదాకా చూసి
"ఖాకీ లేకపోతే నువ్వూ ఆడమనిషివే" అనింది.

దొన నీళ్ళు చెంబుతో ఇచ్చింది. పండ్లు జివ్వుమన్నాయి.
చెంబు తీసుకోని, నా చెయ్యి పట్టుకోని
గుడ్డలుతికే బండ కాడికి పిల్చకపోయింది.
సబ్బు నురగ అరచేత్తో తుడిస్తే
అక్షరాలు.
తెలుగే. నాకు ఒక్కటీ కూడరాలేదు.
ఆమెకు చదువే రాదు, అయినా చదివింది,
వాళ్ళత్త చదివినట్టు, ఆయమ్మ అత్త చదివినట్టు:

ఎద్దు బరువుకు ఇంత.
గాడిద బరువుకు ఇంత.
తల మీది గంపకు ఇంత సుంకం.
ఇయ్యనోడు...

అక్కడ రాయి పగిలింది.
ఇయ్యనోడికి ఏమయిందో
ఈ కొండ మీద ఎవరికీ తెలీదు.

"చూసినావా, నీ మాదిరోళ్ళు
అప్పుడూ ఈ వాకిట్లో నిలబడుండినారు!"
పొట్ట పట్టుకోని నవ్వింది.
నేనూ నవ్వినా, కొంచెం ఆలస్యంగా.

పొద్దు వాలేముందు బురుజెక్కినాం.
దండు కోసం కట్టిన బురుజు
ఇప్పుడు ఏనుగుల కోసం మేలుకోనుంటాది.
ఒక మూల టపాకాయల డబ్బా, టార్చిలైటు,
ఎవరిదో మడిచిపెట్టిన దుప్పటి.
కౌండిన్య అడివి దిక్కు చెయ్యి చూపించి
"పోయిన నెల ఆరు. ఒకటి పిల్ల" అనింది,
చుట్టాల లెక్క చెప్పినట్టు.

కింద నా బస్సు వచ్చింది, అగ్గిపెట్టెంత.
ఆగింది.
శైలజ కేక ఇంత ఎత్తుకు రాలేదు గానీ
నా పెదాలు వాటంతటవే కదిలినాయి.
దొరసానమ్మ చూసేసింది.
"ఎవురూ దిగరులే మే,
అందరం ఈడే ఉండాం కదా."

మెట్లు లెక్కపెడతా దిగినా.
నూటా ఎనభై కాడ లెక్క తప్పింది.

శుక్రవారం గంపతో ఎక్కింది.
నేను మిషను తీస్తే కండ్లు చిట్లించి,
"ఇయ్యకపోతే?" అనింది.
"అక్కడ రాయి పగిలిపోయింది కదా," అన్నా.
చెంగు ముడి విప్పి యాభై నోటు తీసింది.
చిల్లర లేదంట.
నా కాడా లేదు.