లిక

కోయంబేడు కంట్రోల్ రూములో
నేనొక్క మాటంటే
భూమి కింద రైళ్ళు ఆగుతాయి.
మొన్న నవంబరు వానకి కరెంటు పోయి
సొరంగంలో నాలుగొందల మంది ఇరుక్కుంటే
గొంతు వణక్కుండా గంటంబావు మాట్లాడి
అందర్నీ పట్టాల వెంట నడిపించుకొచ్చినదాన్ని.

ఆ నేనే
పెరంబూరులో అన్నయ్య ఇంటికి మూడంతస్తులెక్కి
చెప్పులు విప్పేలోపు
ఏడేళ్ళదాన్నయిపోయాను.

గ్లాసు దగ్గర మొదలైంది.
ఎప్పుడో మింట్ స్ట్రీట్‌లో నాన్న
రెండు స్టీలు గ్లాసులు కొని మా పేర్లు చెక్కించాడు.
అన్నయ్యది పట్టింది.
నాది వకుళమాలిక. చెక్కేవాడు
గుండ్రంగా తిప్పుకుంటూ వచ్చేసరికి
'వకుళమా' దగ్గర చోటయిపోయింది.
ఆ గ్లాసులో ఇప్పుడు మేనల్లుడు
రంగుల బ్రష్షులు నానబెట్టుకున్నాడు.

"అది నాది" అన్నాను.
ముక్కులోంచి వచ్చింది ఆ గొంతు, నాకే వినపడింది.
"నీదైతే లిక ఏదే?" అన్నాడు అన్నయ్య.
యాభై ఒకటేళ్ళ ఆడిటరు,
రెండు మోకాళ్ళకీ బెల్టులు.
"లిక ఏదే, లిక?"
దిండు విసిరాను. తగల్లేదు.
ఏడుపొచ్చింది. నిజం ఏడుపే.

వదిన గరిటెతో గుమ్మంలో నిలబడి
దారి తప్పి వచ్చిన ఇద్దర్ని చూసినట్టు చూసింది.
ఆవిడ కట్టుకున్నది ఈ మనిషిని కాదు మరి.

అమ్మ సోఫాలో ఉంది,
నిన్ననే ఎగ్మూరులో ఒక కంటి శుక్లం తీయించుకుని
నల్లద్దాలు పెట్టుకుని.
"సిగ్గులేదూ, ఇంతింత వయసులొచ్చి" అంది.
ముందెవరు మొదలెట్టారని అడుగుతుందేమోనని
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
అడగలేదు. కాస్త చిన్నబోయాం.

రాత్రి చాప మీద పడుకుని
ఎందుకిలా అని తవ్వుకున్నాను.
నన్ను మొదటి అచ్చులో చదివినవాళ్ళు వీళ్ళు,
తర్వాత నేను దిద్దుకున్నదేదీ వీళ్ళకి చేరలేదు,
అనుకున్నాను. బాగానే ఉందనిపించింది.
ఫ్యాను అన్నయ్య వైపే తిరుగుతోందని గమనించేదాకా.

పొద్దున్నే పరాంకుశం మావయ్య వచ్చాడు.
ఎనభై నాలుగు. తిరువొత్తియూరు నుంచి
షేర్ ఆటోలో, ఒళ్ళో సపోటాల సంచీతో.
"ఏమే చూడీ" అన్నాడు.

అమ్మ చటుక్కున కాళ్ళు దించింది.
మిక్స్చరు పొట్లం దిండు కిందికి తోసింది.
"అన్నయ్యా, వీడు నన్ను అరుస్తున్నాడు
చుక్కలమందు లెక్క తప్పానని."
కింది పెదవి ముందుకొచ్చింది.
ఆ పెదవి నాకు తెలుసు. అద్దంలో చూశాను.
"ఎవడ్రా దాన్నన్నది?" అన్నాడు మావయ్య.
ఆడిటరుగారు నా వెనక్కి జరిగారు.

సపోటా ఒలిచి రెండు చేశాడు మావయ్య.
అమ్మ నల్లద్దాలు పైకెత్తి
ఏ ముక్క పెద్దదో చూసింది,
ఒక్క కంటితో.

"మావయ్యని చిన్నప్పుడేమని పిలిచేవారే?" అని
తర్వాత వంటింట్లో అడిగాను.
అమ్మ చాలాసేపు ఆలోచించింది.
"నేను పుట్టేసరికే వాడు పెద్దవాడు" అంది.
హాల్లో మావయ్య
నల్లటి గింజలు అరచేతిలో పోగేసుకుని
ఎవరికివ్వాలో తెలియనట్టు కూర్చున్నాడు.

నేను బయల్దేరుతుంటే
అన్నయ్య గ్లాసు కడిగి తెచ్చాడు.
అంచున ఇంకా కాస్త నీలం రంగు.
తీసుకుపో అన్నాడు.
వద్దన్నాను.

మళ్ళీ వచ్చినప్పుడు దేనికి కొట్టుకోను?