తేడా డెబ్బై

రెండు వేలు దాటకూడదని
గుంటూరులో బస్సెక్కకముందే ఒట్టేయించారాయన.
మూడున్నర టిక్కెట్లు.
చిన్నదాని వయసు గేటు దగ్గర ఏడాది తగ్గింది.
పులిహోర డబ్బా లోపలికి రానివ్వమన్నారు,
అక్కడే ఎండలో నిలబడి తినేశాం.
లోపల నీళ్లసీసా ధర చూసి
పెద్దాడి దాహం దానంతటదే తీరిపోయింది.

వాళ్లు ముగ్గురూ బంపర్ కార్ల వరసలో ఉండగా
నేనొక్కదాన్నీ జెయింట్ వీల్ ఎక్కాను.
పైన కాసేపు ఆగింది.
దూరంగా కృష్ణ,
అప్పుడే వెలుగుతున్న బ్యారేజీ దీపాలు.
నేనెవరి అమ్మనో
గుర్తుకు రాలేదు.

మంగళగిరి దాటాక
ఆయన వేళ్లమీద మూడోసారి లెక్కేశారు.
"డెబ్బై తేలట్లేదు, ఇందుమతీ."
"చిల్లర కదా, ఎక్కడో జారుంటుంది."

ఇంటికొచ్చి, అందరూ పడుకున్నాక,
పద్దుల పుస్తకంలో రాశాను:
ఇంగువ, డెబ్బై.