పదకొండు చిల్లుల చొక్కా

మొదటిసారి చూసేసరికి ఆయన చచ్చిపోయి ఉన్నాడు.
చురుబుస్కో స్టూడియోలో, గడ్డిమోపుల పక్కన,
మూతి పక్క నుంచి చాక్లెట్ పానకం కారుతూ.
"కట్" అన్నాక ఒంటికన్ను తెరిచి నన్నడిగాడు:
"అమ్మాయ్, రేపు పొద్దున మళ్ళీ చావాలిట,
ఈ చొక్కా రాత్రికి కుట్టిపెడతావా?"

కుట్టాను.
ఇరవై రెండేళ్ళు కుట్టాను.

క్రిసోఫొరో అరాందాస్.
పేరు తెలియకపోతే మీ తప్పు కాదు,
టైటిళ్ళు రాసేవాడికే తెలియదు.
ఒకసారి క్రిస్తోబల్ అన్నాడు, ఒకసారి ఉత్త అరాందా,
ఎక్కువసార్లు "తదితరులు".
ముఖం మాత్రం
మీ సొంత మేనమామ ముఖం కన్నా బాగా ఎరుగుదురు.

హీరో గుర్రం దిగితే కళ్ళెం అందుకున్నది ఆయనే.
హీరో సారాకొట్లో పాట ఎత్తుకుంటే
బల్ల వెనక నిలబడి, పాట అయ్యేదాకా
ఒక్క గ్లాసే తుడిచేవాడు.
"రెండో గ్లాసు తీశాననుకో, జనం నా వైపు చూస్తారు.
పాపం, పాడేది ఆయన కదా."

ఒక సినిమాలో మూడు మాటలిచ్చారు:
"గుర్రాలు సిద్ధం, దొరా."
వారం రోజులు నా కుట్టుమిషను పక్కన కూర్చుని నమిలాడు.
గుర్రాల మీద ఊనితే తొందర,
సిద్ధం మీద ఊనితే భయం,
దొర మీద ఊనితే, "అమ్మో, అది తిరుగుబాటు ఎర్మెలిందా,
దానికి వాళ్ళు డబ్బివ్వరు."
షూటింగు నాడు వాన. సీను ఎత్తేశారు.
గుర్రాలకు మాత్రం కూలి ముట్టింది.

పాదిరీ వేషం కట్టిన ఏడాది
లా మెర్సెద్ బజారులో ఎండుమిరపకాయలమ్మే మనిషి
జ్వరంతో కాలిపోతున్న పిల్లాణ్ణి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.
నేను పాదిరీని కాదమ్మా అంటే వినదే!
"తెర మీద చూశాను. మీరు చెయ్యెత్తితే వాన కురిసింది."
ఆ వాన ఫైరింజను వాన. గొట్టం పట్టుకున్నవాడికి
ఆయనే సిగరెట్టు వెలిగించి ఇచ్చాడు.
అయినా చెయ్యెత్తాడు.
సినిమా కోసం బట్టీపట్టిన నాలుగు లాటిన్ ముక్కలు చదివాడు,
మూడోది తప్పు.

అక్కణ్ణుంచి తిన్నగా చర్చికి పోయి
నిజం పాదిరీ ముందు మోకరిల్లాడు.
ఆయన చాలాసేపు పలకలేదట.
చివరికి, "పిల్లాడికెలా ఉంది?"
"తెలీదు."
"వెళ్ళి కనుక్కో. అదే నీకు శిక్ష."
ఎన్నాళ్ళు అనుభవించాడంటే,
ఆ పిల్లాడి పెళ్ళికి ఈయన కోటు
నేనే ఇస్త్రీ చేశాను.

చొక్కా సంగతి చెప్పలేదు కదూ.
తెల్లదారం అయిపోయిన ఒక రాత్రి
గాజుపెట్టెలో మిగిలింది ఆకుపచ్చ దారమే.
నలుపు తెలుపు సినిమా, ఎవరు చూడొచ్చారు?
అప్పట్నుంచి తెల్లదారం వచ్చినా ఆ చొక్కాకి పచ్చదారమే వాడాను.
ఆయనకి తెలుసు. గుండు తగిలి ఒరిగే ముందు
చెయ్యి సరిగ్గా కుట్టు మీదకే తెచ్చుకునేవాడు,
కెమెరాకి దాన్ని దాచినట్టు.

రంగుల సినిమాలొచ్చాయి.
కొత్త వాళ్ళు పాత బట్టలన్నీ కిలోల లెక్కన తూచి అమ్మేశారు.
ఆయన ఒక మంగళవారం, డొమినోలాటలో,
తన వంతు రాకముందే పోయాడు.
సంగీతం లేదు. ఒరగడం కూడా లేదట, కుర్చీలో అలాగే.

ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో వేస్తుంటారు.
"అవ్వా, ఈ తాతెవరు?" అంటుంది మనవరాలు.
పేరు చెప్పబోయేలోగా తుపాకీ పేలుతుంది.
నేను ముఖం చూడను.
ఎడమ జేబు కింద, నాలుగో చిల్లు.
కుట్టు కొంచెం వంకర పోయింది.
ఆ రోజు మరీ తొందరపెట్టారు.