రిమార్కుల గడి

తెల్లారి నాలుగున్నర. యూమా.
జనవరి చలి ఇనప మెట్ల మీద పేరుకుంది.
టార్చిలైటు నీళ్ళలోకి వంచి
బద్ద మీద అంకె చదువుతాను.
మూడడుగుల రెండంగుళాలు.
కొలరాడో నది, నిన్నటికంటే అరంగుళం తక్కువ.

అవతలి గట్టున ఇంకో టార్చిలైటు.
ఎవరిస్తో కిన్యోనెస్.
ఆయన బద్ద సెంటీమీటర్లు మాట్లాడుతుంది.
ఫోనులో ఇద్దరం అంకెలు అప్పజెప్పుకుంటాం
ఎక్కాలు చదివే పిల్లల్లా.
తేడా వస్తే మళ్ళీ వంగుతాం.
పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా
ఒకరి బద్దని ఒకరం దొంగ అనుకోలేదు.
(ఒకసారి అనుకున్నాం. అది గాలి తప్పు.)

కడప వైపు మా తాతని నీరుగంటి అనేవారు.
ఎవరిస్తో భాషలో ఈ పనికి సాన్హేరో అని పేరు.
రెండు మాటలకీ అరచేతిలో కాయ ఒకచోటే కాస్తుంది.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు,
సరిహద్దెరుగు అనలేదు.
అది నేర్పడానికే మా ఇద్దరికీ జీతాలు.

ఏరు ఒళ్ళు చేసిన ఏళ్ళలో
ఎవరో టేపు పెట్టి కొలిచి చొక్కా కుట్టారు.
జేబులు మాత్రం చాలా పెట్టారు:
ఏడు రాష్ట్రాలకి ఏడు,
పొరుగు దేశానికి చివర్న ఒకటి, కింది అంచు దగ్గర.
ఇప్పుడు ఏరు చిక్కింది.
చొక్కా వేలాడుతోంది.
జేబుల్లోంచి చేతులు మాత్రం ఎవరూ తీయరు.
సముద్రం సంగతి అడగొద్దు,
దానికి జేబే కుట్టలేదు.

ఎవరిస్తో తాతకి కోపం ఇంకో విషయం మీద.
"మీ లెక్క తప్పని నేనెప్పుడన్నాను?" అనేవాడట.
ఒక కాలంలో నీళ్ళు గడువుకే వచ్చాయి,
కొలతకే వచ్చాయి,
ఉప్పగా వచ్చాయి.
ఇవతలి పొలాలు ఒళ్ళు కడుక్కుని వదిలిన నీళ్ళవి.
మొక్కల మొదట్లో తెల్లగా పొర కట్టింది.
పత్తి విచ్చిందనుకుని పిల్లలు పరిగెత్తారు.

కొలతలో మోసం లేదు.
రుచిలో ఉంది.

ఆరింటికి లెట్యూస్ మడుల్లో లైట్లు వెలుగుతాయి.
రాత్రి రెండింటికే సరిహద్దు గేటు దగ్గర వరస కట్టినవాళ్ళు
కత్తులు పట్టుకుని సాళ్ళలో వంగుతారు.
నీళ్ళు కిందికి పోతాయి, మనుషులు పైకి వస్తారు.
నీళ్ళని కాగితాలడగం.

ఎవరిస్తో చెల్లెలు ఒఫీలియా
కాలవ గట్టున కూర్చుని సీసా మూత తిప్పింది.
తను తాగక ముందు నాకు చాపింది.
"తాగు. మొన్న నువ్వు కొలిచి పంపినవే.
మా కొళాయిలో పట్టి మోసుకొచ్చాను."
నవ్వింది.
నాకు నవ్వు రావడానికి కాస్త టైము పట్టింది.
గుక్క మింగి, నాలిక మీద ఉప్పు వెతికాను.
లేదు.
వెతికానని ఆవిడకి తెలిసిపోయింది.

లేచి మళ్ళీ మడిలోకి నడిచింది.
ఆవిడ కోసే ఒక్కో గడ్డలో బోలెడు నది.
మధ్యాహ్నానికి లారీ ఎక్కి చికాగో పోతుంది.
దాన్ని ఏ బద్దతో కొలవాలో
రిజిస్టరు చెప్పదు.

తేదీ. టైము. మట్టం. సంతకం.
చివర రిమార్కుల గడి.
ఇన్నేళ్ళూ ఖాళీగానే వదిలాను.
ఇవాళ రాశాను:
"ఒక గుక్క వెనక్కి వచ్చింది."

పై ఆఫీసులో చెరిపేస్తారు.
చెరపనీ.
పెన్సిలుతోనే రాశాను,
గట్టిగా నొక్కి.