దొరకలేదు

కాగితంలో మూడు గడులు:
బతికింది, చచ్చింది, దొరకలేదు.
పొద్దుటి నుంచీ మూడోదాన్నే నింపుతున్నాను.

సీతానగరం వైపు ఒడ్డు, మోకాలి లోతు నీళ్లు.
బ్యారేజీ మీద బస్సు పోయినప్పుడల్లా
పాదాల కింద ఇసుక సన్నగా వణుకుతుంది.
మోపిదేవి మావ మునిగి, తేలి,
గుప్పిట విప్పి చూపిస్తాడు:
రాయి.
మళ్లీ మునిగి, సీసా మూత.

నిరుడు కార్తీకంలో వదిలాం
వెయ్యిన్నీ రెండొందల నలభై ఆల్చిప్పలు.
రేకుల షెడ్డులో పుట్టినవి.
పుట్టడమంటే,
తల్లి చిప్ప ఉమ్మిన నలుసులు
జెల్లచేప మొప్పల్ని కరుచుకుని వేలాడి
పదహారు రోజులు దాని ఒంట్లో ఇంత తిని
ఓ తెల్లారుజామున తొట్టి అడుక్కి రాలడం.
ఆ చేపకి తెలీదు, ఎన్ని కాన్పులు మోసిందో.
జల్లెట్లో కళ్లు చికిలించి నేనే లెక్కపెట్టాను,
ఆవగింజలో సగం కూడా లేవు.

ఏడాదిన్నర పచ్చటి నాచునీళ్లు తాగించాం.
కరెంటు పోతే గాలి మోటారు ఆగుతుందని
రాత్రిళ్లు అక్కడే చాప పరిచాను.
గొట్టం గుడగుడ ఆగితే మెలకువొచ్చేది,
ఉయ్యాల్లో పిల్ల ఉన్నట్టుండి ఏడుపు ఆపినట్టు.

సలోమి మేడం ఓ రోజు తొట్టి మీద చెయ్యి చాపి,
"చూడు, నా నీడకి నోరు తెరుస్తున్నాయి," అంది.
నీడొస్తే తిండొస్తుందని నేర్చుకున్నాయి.
ఏట్లో నీడంటే నత్తగుల్ల కొంగ.
ఆ సంగతి వీటికి ఎవరు చెప్పాలి?

మా నాయనమ్మ నాంచారమ్మ
ఈ రేవులోనే తట్టలకొద్దీ ఏరి
సున్నపు బట్టీకి అమ్మింది, తట్ట అర్ధరూపాయికి.
ఒక్క చిప్పని మాత్రం బండ మీద అరగదీసి, బొక్క చేసి
మామిడికాయ చెక్కు తీయడానికి ఉంచుకుంది.
అదింకా మా ఉప్పు జాడీ వెనకే ఉంది.
ఆమె ఏరినన్ని నేను తిరిగి వదలాలంటే
ఏడు జన్మలు కూలికి రావాలి.

తర్వాత శ్రావణంలో గేట్లన్నీ ఎత్తారు.
కరకట్ట మీద నించుని చూశాం, మేడం, మావ, నేను.
ఎర్రటి నీళ్లు. ఎవరం ఏమీ అనలేదు.
హంసలదీవి దాటి ఉప్పులో పడ్డవెన్నో,
వరద తీశాక ఇసుక లారీ ఎక్కి
గుంటూరులో ఏ అపార్ట్‌మెంటు గోడలోనో
నంబరుతో సహా ఉండిపోయినవెన్నో.
దొరకలేదు, దొరకలేదు, దొరకలేదు.

చిప్ప చిప్పకీ నంబరు అంటించింది నేనే.
ఆ జిగురుకి వేళ్ల తోలు లేచిపోయి
రేషన్ షాపులో మిషను నా బొటనవేలిని ఒప్పుకోదు.
"తుడిచి పెట్టమ్మా. ఇంకోటి పెట్టు.
సరే, రేపు రా."

పన్నెండింటికి, బతికినవి ముప్పై ఏడు.
అప్పుడు మావ ఒకటి తెచ్చాడు.
కొంగ పొడిచి తెరిచింది, లోపల ఏమీ లేదు,
ముత్యంలా మెరిసే గోడలు తప్ప.
మూడొందల పద్దెనిమిది.
నంబరు పక్కన ఒలికిన జిగురు గడ్డకట్టి
అందులో నా వేలిముద్ర,
చుట్టు మీద చుట్టు, ఒక్క గీతా చెరగలేదు.
ఏడాదిపాటు ఏటి అడుగున
ఇది నేనేనని ఒప్పుకున్నది ఈ ఒక్కటే.
చచ్చింది, అని రాశాను.
రాసి, దాన్ని జాకెట్టులో దోపుకున్నాను.

ఎండ దిగుతుండగా
తుంగ మొదట్లో బురద కెలుకుతుంటే
వేలికి తగిలింది, చిటికెన గోరంత.
నంబరు లేదు.
అంటించిన గుర్తూ లేదు.
వంగానో లేదో, నా తల నీడ పడీ పడగానే
టక్కున మూసుకుంది.

దీనికి కాగితంలో గడి లేదు.
మేడానికి ఇంకా చెప్పలేదు.
ఉన్నచోటే బురదలో నిలబెట్టి
"మావా," అన్నాను,
"ఇటు అడుగెయ్యకు."